సానోబర్ పురుగులూ, నా పహిల్వానూ

వసంతం వచ్చిందంటే మా ఇంట్లో నేను అద్దెకున్నవాడి కింద లెక్క. యజమానులు పట్టుపురుగులు. పట్టుకి పేరుపడ్డ మా మర్గిలాన్ పట్నం చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. పెద్ద గదీ, వెచ్చటి పొయ్యీ వాటికి. వరండాలో మేక పక్కన చాప నాకు.

"ఏమయ్యా, సిగరెట్టు కాల్చి ఆ గదిలోకి రాకు. పురుగులకి పడదు" అంటుంది మా ఆవిడ సానోబర్.

"ఉల్లిపాయలు వేయించుకోనా?"

"వాసన పడదు."

"దగ్గొచ్చా?"

"మెల్లగా."

"మరి నేనెందుకే ఈ ఇంట్లో?"

"కొమ్మలు నరకడానికి. అదీ చెయ్యవు కాబట్టి, ఎందుకో నాకూ తెలీదు."

మా ఊళ్ళో మగాళ్ళం కౌజుపిట్టల్ని పెంచుతాం. మిగతావన్నీ ఆడవాళ్ళే పెంచుతారు. పురుగుల్ని, పిల్లల్ని, మేకల్ని, మాబోటివాళ్ళని. పిట్టని చొక్కా చేతిలో దాచుకుని టీకొట్టుకి తీసుకెళ్తాం. ఆపకుండా ఎవరి పిట్ట ఎక్కువసార్లు కూస్తే ఆ వారానికి వాడే మొనగాడు.

నా పిట్ట పేరు పహిల్వాన్. దాని గొంతు మీద నమ్మకంతో గుమ్మడికాయ పొట్ట హాషిమ్‌తో పందెం కాశాను. ఓడినవాడు గెలిచినవాడి పురుగులకి, అవి గూళ్ళు కట్టే ముందు చివరి వారమంతా మల్బరీ కొమ్మలు నరికిపెట్టాలి. ఆ వారం పురుగుల తిండి చూస్తే పెళ్ళివారు కూడా సిగ్గుపడతారు. రోజుకో బండెడు కావాలి. నా నడుము సంగతి నాకు తెలుసు.

చిక్కేమిటంటే, పిట్టలు పురుగుల్ని తింటాయని సానోబర్ పహిల్వాన్‌ని గుమ్మం తొక్కనివ్వనంది. నేనేం తక్కువవాణ్ణా? సామాన్ల గదిలో పిల్లల పాత ఉయ్యాల ఉంది. పంజరాన్ని అందులో పెట్టి పైన బొంత కప్పాను.

రోజూ పొద్దున్నే కొర్రలు వేసేవాణ్ణి. గింజ ముట్టేది కాదు గానీ బంతిలా బలిసింది. అంతా నా చేతి మహిమేనని టీకొట్టులో గొప్పలు పోయాను.

శుక్రవారం వచ్చింది. హాషిమ్ పిట్ట ఏడుసార్లు కూసింది. నా వంతు వచ్చింది. పహిల్వాన్ కళ్ళు మూసుకుంది.

"కూయవే బంగారం!" అన్నాను. ఈల వేశాను. చివరికి నేనే కూశాను.

"ఎర్గష్ మూడుసార్లు కూశాడు! లెక్కలోకి వస్తుందా తాతా?" అని హాషిమ్ అరిచాడు. పందేనికి పెద్దమనిషి తుర్దీ తాత తల అడ్డంగా ఊపాడు.

ఆ గోలకి పహిల్వాన్ బెదిరి చేతిలోంచి జారింది. చదరంగం బల్ల మీద రాజుని పడగొట్టింది. పులావు పళ్ళెంలో పరుగెత్తింది. నేను దాని వెనక దూకి హాషిమ్ పొట్ట మీద పడ్డాను. టీ అంతా తాత ఒళ్ళో పడింది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద సానోబర్ గాడిద మీద కొమ్మలు వేసుకుని వెళ్తూ, "ఛో, నడువు!" అని గొంతు పెంచింది.

పహిల్వాన్ మెడ నిక్కించింది. పులావు మధ్యలో నిలబడి కూయడం మొదలుపెట్టింది. ఎనిమిది, తొమ్మిది, పది! కొట్టంతా లేచి నిలబడింది.

"గెలిచాను!" అని గంతేశాను.

సానోబర్ గాడిదని ఆపి టీకొట్టు వాకిట్లో నిలబడింది. "నా పిట్ట ఇక్కడేం చేస్తోంది?"

"నీ పిట్టా?"

"పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఉయ్యాల కూస్తుంటే నాకు అనుమానం రాదా? జబ్బు పురుగుల్ని ఏరి రోజూ నాలుగు పూటలా దీనికే పెట్టాను. కూస్తేనే పెట్టాను." జేబులోంచి ఒక పురుగు తీసి చూపించింది. పహిల్వాన్ ఎగిరి ఆవిడ చొక్కా చేతిలో దూరింది. నేను ఈల వేసినా తల బయటపెట్టలేదు.

తుర్దీ తాత ఒళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "పిట్ట పెంచినవాళ్ళది. గెలిచింది సానోబర్. ఓడినవాళ్ళు మీరిద్దరూ."

అందుకే ఈ వారం ఒకే చెట్టు మీద ఆ కొమ్మన హాషిమ్, ఈ కొమ్మన నేను. ఇవాళ సిగ్గు విడిచి పైనుంచి బతిమాలాను. "సానోబర్, ఒక్కసారి నా పిట్టని చూడనివ్వవే!"

"పురుగులకి ఆకలేస్తోంది" అంది. "ముందు ఆ పక్క కొమ్మ నరుకు."

నరికాను. ఇంకోటి చూపించింది.