కానుగచెట్టుకు చలి

ఎర్రబండపురంలో దేవదారు మొక్కలకు ఎండ సరిపడలేదని తేలినాక, మున్సిపాలిటీవాళ్లు మొక్కల్ని మార్చకుండా ఊరినే కాగితాల మీద చలిప్రాంతంగా మార్చేశారు. మొక్కలేమో మంచుకొండల నుంచి లారీల్లో వచ్చినవాయె, పెద్దలు ఫోటోలు దిగి నాటినవాయె. వాటిది తప్పనడానికి ఎవరికి నోరొస్తుంది? తప్పు ఊరిదే. ఊరైతే చెబితే వింటుంది.

ఆ ఎండాకాలం నుంచే జనం స్వెటర్లేసుకొని తిరిగారు. మామిడికాయలు బేరమాడేవాళ్లు కూడా మధ్యమధ్యలో అరచేతులు రుద్దుకునేవాళ్లు. ఎవరన్నా సొమ్మసిల్లి పడితే ఆస్పత్రిలో ‘చలిదెబ్బ’ అని రాసి మజ్జిగ తాపేవాళ్లు. అలవాటైతే ఏదైనా అంతే కదా, కొత్తకోడలికి అత్తగారిల్లు అలవాటు కావడంలేదూ!

చిక్కల్లా బస్టాండు పక్కనున్న సుంకులమ్మ కానుగచెట్టుతో వచ్చింది. మొగుడు పోయిన ఏడాది నాటిందామె. కుండలు కడిగిన నీళ్లు తప్ప దానికేం పోసెరగదు. దాని కిందే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు అమ్ముకొని బతుకుతోంది. ఆ చెట్టు నిప్పులు చెరిగే ఎండలో నవనవలాడే చిగురేసి, రోడ్డు మీదికంతా నీడ పరిచింది. ఒకనాడు మొక్కల ఆఫీసరు రామ్మోహను కోటూ మఫ్లరుతో చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఆ నీడలోనే కూలబడ్డాడు.

“అవ్వా, ఈ చెట్టు కొట్టేయమని ఆర్డరొచ్చింది.”

“ఏం పాపం చేసింది నాయనా?”

“పచ్చగా ఉంది. ఎదురుగా దేవదారులు ఎండిపోయి నిలబడుంటే ఇదిట్లా ఉండొచ్చునా? చూసినోళ్లు ఊళ్లో ఎండ ఉందనుకోరూ?”

“ఉంది కదప్పా!”

“ఆ మాటనొద్దవ్వా, దండం పెడతా.”

సుంకులమ్మ మజ్జిగ గ్లాసు అతని చేతిలో పెట్టింది. అతను తాగుతూ కొమ్మల్లోకి చాలాసేపు చూశాడు. మంచివాడే పాపం, ఇంట్లో పిల్లలున్నవాడు.

“దీనికీ చలి పెడుతున్నట్టు కనబడితే కొట్టే పనిలేదవ్వా,” అన్నాడు చివరికి.

మరుసటి రోజే ఆమె మొగుడి గొంగళి తీసి మానుకు చుట్టింది. రోజూ పొద్దున్నే స్టూలెక్కి ఆకులు దూసేది. “ఓర్చుకో తల్లీ, పానముంటే చాల్లే,” అని దానికి చెప్పుకునేది. ఆకులు పోయినాక నీడా పోయింది. బజ్జీలకు వచ్చినవాళ్లు ఎండలో కూర్చొని, వణుకుతూ తిని పోయేవాళ్లు. ఎవరూ గొణగలేదు. చెట్టు మిగిలింది కదా, అదే పదివేలనుకున్నారు.

అలా కొన్నాళ్లు గడిచినాక ఒక పొద్దున స్టూలెక్కబోతే, దూయడానికి ఆకే లేదు. కానుగ తనంతట తానే అన్నీ రాల్చుకొని, బోసిగా, బుద్ధిగా నిలబడి ఉంది.

తనిఖీకొచ్చిన రామ్మోహను నోరు తెరిచాడు. “ఎంత తొందరగా నేర్చుకుందవ్వా!”

సుంకులమ్మ రాలిన ఆకుల్ని చీపురుతో మెల్లగా ఒకపక్కకు చేర్చింది.

“నా చేతుల్లో పెరిగింది కద నాయనా. సర్దుకుపోవడం దానికొకరు నేర్పాల్నా?”