పోలయ్యకి నలభై ఏడు బండ్లు

పెద్ద అడవే. ఎంత పెద్దదంటే, అందులో ఒక రవాణా ఆఫీసు, దాని ముందు ఒక టీ బడ్డీ, ఆ బడ్డీ పక్కన ఎప్పుడూ ఖాళీ దొరకని ఒక బెంచీ కూడా ఉన్నాయి. ఇవన్నీ ఉంటే ఇంకా అడవి అనడమేమిటని నన్నడక్కండి. అక్కడుండేవాళ్ళు అలాగే అనుకుంటున్నారు, మనకెందుకు.

ఆ అడవిలో పోలయ్య అనే గాడిదకి ఒక ట్రాలీ ఆటో ఉండేది. గాడిదకి ఆటో ఏమిటని నవ్వుతారేమో, నవ్వకండి. వాళ్ళ తాత మూటలు మోశాడు. వాళ్ళ నాన్న మూటలు మోస్తూనే పోయాడు. పోలయ్య కూడా పన్నెండేళ్ళు మోశాడు. వీపు తోలు ఎంత బండబారిపోయిందంటే, వాన పడితే పక్కవాళ్ళు చెప్పాలి, అప్పుడు తెలిసేది.

చివరికి పెళ్ళాం సోములమ్మ గాదెలో ఉన్న ఉలవలన్నీ ఊడ్చి ఇచ్చింది. “ఆ బండేదో కొనుక్కో మావా. ఇక నీ వీపు మీద ఎవడూ చెయ్యి కూడా వెయ్యకూడదు” అంది. బండి ఇంటికొచ్చిన రోజు పోలయ్య ఏడ్చాడు. ఆ తరవాత నాలుగేళ్ళపాటు ఇప్పపువ్వూ, తేనె డబ్బాలూ, చింతపండూ వేసుకుని కొండ ఎక్కుతూ దిగుతూ రాజాలా బతికాడు.

అలాంటి బండి ఒక రోజు కనుమ మలుపులో బోల్తా పడింది. అడ్డంగా తాబేలు వచ్చింది. వచ్చిందంటే అప్పుడే వచ్చిందని కాదు, పొద్దున పోలయ్య వెళ్ళేటప్పటికే రోడ్డు దాటుతోంది, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంకా దాటుతోంది. దాన్ని తప్పించబోయి పోలయ్య బండిని వాగులోకి దింపేశాడు. వాడికి ఒంటి మీద గీత కూడా పడలేదు. బండి మాత్రం అప్పడంలా అయింది.

వడ్రంగిపిట్ట రాఘవులు ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క మెకానిక్కు. వచ్చి బండిని నాలుగు వైపులా ముక్కుతో కొట్టి చూశాడు.

“చట్రం వంకరపోయింది పోలయ్యా. ఇది ఇక రోడ్డెక్కదు” అన్నాడు.

“మరేం చెయ్యను?”

“మొత్తంగా పాతసామాను గవరయ్యకి ఇచ్చెయ్యచ్చు. లేదంటే నువ్వే విప్పి, దేనికది అమ్ముకోవచ్చు. విప్పి అమ్మితే రెట్టింపు పైనే వస్తుంది. కానీ ఒకటి. ఇంజనూ, టైర్లూ, బ్యాటరీ వారం తిరక్కుండా పోతాయి. మిగతావి నీ వాకిట్లో తుప్పు పట్టుకుంటూ కూచుంటాయి. నీకు ఓపికుందా అని చూసుకో.”

ఓపిక సంగతి తరవాత. తొలకరి దగ్గర పడుతోంది. ఆ లోపల పాతదో గీతదో ఇంకో బండి కొనకపోతే పోలయ్యకి మళ్ళీ మూటలే గతి. కొండమీద కిరాణా కొట్టు ఎలుగుబంటి అప్పుడే ఒకసారి పరామర్శకని వచ్చి, బండిని చూడకుండా పోలయ్య వీపు చూసి వెళ్ళాడు.

మర్నాడే గవరయ్య దిగాడు. గవరయ్య దుమ్ములగొండి. ఎవరిదైనా ఏదైనా పోయిందంటే అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. అడవి బండ్ల సంఘం అధ్యక్షుడు దండపాణికి బావమరిది కూడా. దండపాణి అడవిదున్న కదా, దుమ్ములగొండితో బావమరిది వరస ఎలా కుదిరిందంటారా? పదవిలో ఉన్నవాడికి బంధువులు ఎలా పుట్టుకొస్తారో మీకు తెలియనిదా.

“నాలుగు బస్తాల ఉలవలు” అన్నాడు గవరయ్య, బండి చుట్టూ ఒకసారి వాసన చూసి.

“నాలుగు బస్తాలకి ఇంకో బండి రాదు, బండి బొమ్మొస్తుంది” అంది సోములమ్మ లోపలినుంచి.

“అయ్యో చెల్లెమ్మా, నేనేమన్నా పరాయివాణ్ణా. విప్పడం అందరికీ చేతకాదు. ఆ నూనె మరకలు, ఆ బేరాలు, మర్యాదస్థులు మీకెందుకు చెప్పు.”

పోలయ్యని అంతకుముందు ఎవరూ మర్యాదస్థుడు అనలేదు. అందుకే అనుమానమొచ్చింది. “మేమే విప్పుకుంటాం గవరయ్యగారూ” అనేశాడు. గవరయ్య నవ్వుతూనే వెళ్ళాడు. అలా నవ్వుతూ వెళ్ళేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

మొగుడూ పెళ్ళాలు పది రోజులు విప్పారు. ఒకరు పట్టుకుంటే ఒకరు లాగారు. టీ బడ్డీ బెంచీ మొత్తం వాళ్ళ వాకిట్లోకి మారింది. ఆ నట్టు ఎడమకి తిప్పాలని ఒకడు, కుడికి తిప్పాలని ఒకడు, అసలు విప్పడమే తప్పని ఇంకొకడు. పదో రోజుకి మొత్తం నలభై ఏడు సామాన్లు గోనెల మీద వరసగా పరిచారు. చూస్తే పోలయ్యకి కడుపు నిండిపోయింది.

అక్కడే ఒక పొరపాటు జరిగింది. ఆ అడవిలో కోతులు సామాను ఉండనివ్వవు. అందుకని, మనం పెళ్ళిలో పెట్టిన గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టు, అక్కడ బండి సామాన్ల మీద బండి నంబరు రాసుకోవడం ఆచారం. సోములమ్మ ఎర్రరంగు తెచ్చింది. ఇద్దరూ కూచుని నలభై ఏడింటి మీదా గుండ్రటి అక్షరాలతో ‘అడవి 212’ అని రాశారు. సీటు మీదా రాశారు, అద్దం మీదా రాశారు.

మూడో రోజున రవాణా ఆఫీసు నుంచి కబురొచ్చింది. అక్కడి గుమాస్తా పానకాలు ఒక తొండ. ఏమడిగినా తల ఊపుతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు పని అయిపోయిందనుకుని సంతోషంగా ఇంటికి పోతారు. పాతవాళ్ళకి తెలుసు, అది తొండలకి పుట్టుకతో వచ్చిన అలవాటని.

“నీకు బండ్లెన్ని?” అన్నాడు పానకాలు తల ఊపుతూ.

“ఒకటేనండి. అదీ పడిపోయింది.”

“మాకు అందిన ఫిర్యాదు ప్రకారం నలభై ఏడు. నంబరు రాసి ఉన్న ప్రతిదీ బండిగా పరిగణించబడును అని నిబంధన ఉంది.”

“అవన్నీ ఒకే బండి ముక్కలు కదండీ.”

“అంటే ఒకే నంబరుతో నలభై ఏడు బండ్లు. అది ఇంకో నేరం. నువ్వు బీదవాడివని అది రాయలేదు. బండికి శేరు ఉలవలు చొప్పున పన్ను కట్టు. అన్నింటికీ ఫిట్‌నెస్ చేయించు. అప్పటిదాకా ఏదీ అమ్మడానికి వీల్లేదు.”

ఫిర్యాదు ఎవరిదో పోలయ్య అడగలేదు. కిటికీ అవతల గవరయ్య టీ తాగుతూ కనపడుతూనే ఉన్నాడు.

ఇంట్లో మిగిలిన ఉలవలు పన్నుకింద పోయాయి. రసీదులు నలభై ఏడు వచ్చాయి. ఆ తరవాత ఫిట్‌నెస్. పోలయ్య సామాన్లన్నీ ఆఫీసుకి మోసుకొచ్చాడు, వీపు మీదే. పానకాలు ముందు అద్దాన్ని పట్టుకున్నాడు.

“దీనికి బ్రేకు లేదు.”

“అది అద్దమండి.”

“అద్దమైనంత మాత్రాన బ్రేకు అక్కర్లేదా?” అని ‘తప్పినది’ అని రాసుకున్నాడు.

స్టీరింగుకి లైట్లు లేవన్నాడు. సీటుకి హారన్ లేదన్నాడు. హారన్‌కి కూచోడానికి చోటేదన్నాడు. ఒక చక్రాన్ని మాత్రం చాలాసేపు చూసి, మిగతా రెండు చక్రాలు ఏమయ్యాయని అడిగాడు. ఆ రోజు మొత్తం మీద పాసయింది బ్రేకు ఒక్కటే. బ్రేకుకి బ్రేకు ఉంది మరి.

కొనడానికొచ్చినవాళ్ళు కాగితాల్లేవని తిరిగి వెళ్ళిపోయారు. పోలయ్య గిట్టలు అరిగేలా తిరిగాడు. తల ప్రాణం తోకకొచ్చింది. పడమట మబ్బులు మొదలయ్యాయి. అప్పుడు గవరయ్య మళ్ళీ వచ్చి, వాకిట్లో నూనె మరకల్ని తప్పించుకుంటూ నిలబడి, “ఒక బస్తా” అన్నాడు. సోములమ్మ ఈసారి లోపలినుంచి ఖాళీ బస్తా ఒకటి తెచ్చి గడప మీద పడేసింది.

మర్నాడు పొద్దున్నే పోలయ్య సామాన్లన్నీ గవరయ్య పేరుకి మార్చమని కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. కాగితం తీసుకుని పక్కన పెట్టుకున్నాడు పానకాలు. బండ్ల సంఘం ఎన్నికలకి ఓటర్ల జాబితా రాస్తున్నాడు. ఆ సంఘం అంటే సామాన్యం కాదు. ఏ సరుకు ఎవరి బండెక్కాలో అధ్యక్షుడే తేలుస్తాడు. ఓటు మనిషికి ఒకటి కాదు, సారీ, జంతువుకి ఒకటి కాదు, బండికి ఒకటి. దండపాణికి ఎనిమిది బండ్లున్నాయి కాబట్టి ఆ పద్ధతి దండపాణే పెట్టాడు. మిగతా అడవి అంతటికీ కలిపి ముప్పై ఒకటి.

“పోలయ్య” అన్నాడు పానకాలు రాస్తూ.

“ఇక్కడే ఉన్నానండి.”

“నిన్ను కాదు. పోలయ్య. పోలయ్య. పోలయ్య.”

“నాతో ఏదన్నా చెప్పాలాండి?”

“జాబితా రాస్తున్నానయ్యా. రిజిస్టరు చూసి బండికో ఓటు రాయాలి. నీవి నలభై...”

అప్పుడు పానకాలు తల ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆ తల ఆగడం అదే మొదలు. పోలయ్యకి లెక్కలు పెద్దగా రావు. కానీ పన్నెండేళ్ళు మూటలు మోసినవాడికి ఏది ఎక్కువ బరువో తెలుస్తుంది. మెల్లిగా గిట్ట చాపి, బల్ల మీదున్న తన కాగితాన్ని వెనక్కి లాక్కున్నాడు.

సంగతి తెలిసి దండపాణి ఆఫీసుకి రొప్పుకుంటూ వచ్చాడు. “ఆ ముక్కలన్నీ రిజిస్టరులోంచి కొట్టెయ్” అన్నాడు.

“కొట్టేస్తే అవి బండ్లు కావని రాయాలండి. బండ్లు కాకపోతే పన్ను తిరిగివ్వాలి” అన్నాడు పానకాలు.

“ఇచ్చి తగలెయ్.”

“ఎలా ఇస్తామండి, తినేశాం. మొన్న మీ ఇంటికి వచ్చిన ఉలవలు అవేనండి.”

దండపాణి కొమ్ములు దించుకుని వెళ్ళిపోయాడు. పోలయ్య అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఎన్నికల రోజు నలభై ఏడుసార్లు గిట్టకి సిరా రాయించుకున్నాడు. మిగతా అడవి మొత్తం ఒక్కటై దండపాణికి వేసినా ముప్పై తొమ్మిదే. పూలదండ వేస్తుంటే పోలయ్య మెడ ఎప్పుడూ లేనంత నిటారుగా నిలబడింది.

“ముందు ఆ దిక్కుమాలిన నిబంధన ఎత్తెయ్యి మావా” అంది సోములమ్మ ఆ సాయంత్రం. “ఆ సామాన్లు అమ్మేసి బండి కొనుక్కుందాం.”

“ఎత్తేస్తే నాకు బండ్లెన్ని?”

“ఒక్కటీ ఉండదు.”

“మరి కుర్చీ?”

సోములమ్మ మొగుణ్ణి కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. పోలయ్యకి సిగ్గేసింది. సిగ్గేసినా కుర్చీలోనే కూచున్నాడు. టైరు కొనడానికి వచ్చిన అడవిపందిని, “నా ఓటు నన్నే అమ్ముకోమంటావా?” అని కోప్పడి పంపేశాడు.

ఇదంతా దండపాణి చూస్తూ ఊరుకుంటాడా. వచ్చే ఎన్నికలకి సిద్ధమవాలని రాఘవుల్ని పిలిచి, శుభ్రంగా నడిచే తన ఎనిమిది బండ్లూ విప్పించి నంబర్లు రాయించాడు. అది చూసి ఎలుగుబంటి తన వ్యాను విప్పించాడు. జింకలు కలిసి కొనుక్కున్న ఆటోని కలిసే విప్పుకున్నాయి. రాఘవులికి ముక్కు ఖాళీ లేదు. తొలకరి పడేనాటికి రిజిస్టరులో పద్దెనిమిది వందల బండ్లు తేలాయి. రవాణాలో ఇంత అభివృద్ధి మునుపెన్నడూ లేదని పానకాలు పై ఆఫీసుకి నివేదిక పంపాడు. రోడ్డు మీద మాత్రం తాబేలు తప్ప కదిలేది లేదు.

మూడో వానకి ఎలుగుబంటి సంఘం సమావేశంలో లేచాడు. “కొండ కింద ధాన్యం తడిసిపోతోంది అధ్యక్షా. పైన పిల్లలు పస్తులున్నారు. ఒక బండి పంపండి.”

పోలయ్య రిజిస్టరు తెరిచి చాలాసేపు పేజీలు తిప్పాడు. తల ఎత్తేసరికి సభలో ఎవరూ తన ముఖం వైపు చూడడం లేదు. అందరి చూపూ కాస్త వెనక్కి, వీపు మీద ఉంది.

దండపాణి లేచి ఎంతో వినయంగా దణ్ణం పెట్టాడు. “అధ్యక్షులవారి కుటుంబానికి ఈ రంగంలో తరతరాల అనుభవం ఉంది. వారే పూనుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.”

గవరయ్య బలపరిచాడు. పానకాలు తల ఊపాడు. కాదంటే కుర్చీ దిగాలి. దిగినా పస్తులున్న పిల్లలు పస్తులే. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది, కింద అధ్యక్షుడి హోదాలో పోలయ్యే గిట్ట ముద్ర వేశాడు.

మర్నాడు కొండ కింద సోములమ్మ రెండు బస్తాలు ఎత్తి మొగుడి వీపు మీద పెట్టింది. ఆవిడకి ఏడుపొచ్చింది. “ఆ రోజే నాలుగు బస్తాలకి ఇచ్చేసినా ఇంతే కదా మావా” అంది.

“ఇంతే ఎలా అవుతుంది” అన్నాడు పోలయ్య, బరువుకి కాళ్ళు సర్దుకుంటూ. “అప్పుడైతే ఉత్త పోలయ్య మోసేవాడు.”

నీతి: పాడైన బండిని మొత్తంగా అమ్మాలా, మనమే విప్పి అమ్ముకోవాలా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, ముందు వాళ్ళ ఊళ్ళో ఎన్నికలు ఎప్పుడో కనుక్కోమనండి.