వాడినవాళ్ళు కావలెను

తొమ్మిది గంటల బస్సుకు హైదరాబాదు వెళ్ళి డాక్టరుకు ఒక్క మాట చెప్పి రావాలి. ఆ ఉదయం సంగప్పకు ఉన్న పని అంతే. కాలి రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టింది. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. నెత్తురు పలచబడే గోళీలు వేద్దామంటే కడుపులో పుండు, అక్కడ నెత్తురు కారితే ఆగదు. అందుకని పొట్టలోని పెద్ద రక్తనాళంలో, గడ్డను దారిలోనే ఆపే ఫిల్టరు, అంటే తీగ జాలీ, పెడతామన్నారు. ఒకటి గొడుగు ఊచల్లా విచ్చుకునేది. కొక్కెం వేసి మళ్ళీ తీయవచ్చు. రెండోది బుట్టలాంటిది, ఎప్పటికీ లోపలే. "ఏది కావాల్నో ఇంట్ల మాట్లాడుకొని చెప్పు" అన్నాడు డాక్టరు.

విత్తనమైనా మోటారైనా వాడినవాణ్ణి అడగకుండా సంగప్ప ఎన్నడూ కొనలేదు. జాలీ వాడినవాడు మాత్రం నారాయణఖేడ్ మొత్తంలో దొరకలేదు. భయం మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. పొద్దున్నే డ్రిప్పు పైపులు అమ్మే మహిపాల్ దుకాణంలో తేలాడు.

"ఫిల్టర్ల సంగతి నీకు ఎర్కనే గదరా?"

"చేన్లవి ఎర్క కాకా. పొట్టలవి నాకేం ఎర్క?"

"నీళ్ళైతేంది, నెత్తురైతేంది? పెట్టి చూడు!"

మబ్బు పట్టిందని భార్య లింగమ్మ ఇచ్చిన గొడుగు సంగప్ప చంకలో ఉంది. గుడ్డ ఊడదీశాక దాని ఊచలు ఒక జాలీ అయ్యాయి. చాయ్ వడబోసేది రెండోది అయింది. అద్దంలాంటి పైపులో ఒక్కోటి పెట్టి, మోటారు వేసి, పత్తి గింజలు వదిలారు. ఊచలు గింజల్ని ఆపాయి, నీళ్ళు సాగాయి. రెండోదాంట్లో గింజలు పేరుకుని ధార సన్నబడింది.

పైపులు కొనడానికి వచ్చిన కంగ్టి ఊరి రైతులు గుమిగూడారు.

"కొత్త మాల్ వచ్చిందా? గొడుగుది నాకు రెండు రాయి!"

"నాకు నాలుగు! సబ్సిడీ ఉన్నదా?"

"అది పొట్టల పెట్టేదిరా!" అని సంగప్ప మొత్తుకున్నాడు.

"ఎవుసమంత పొట్టకే గద కాకా!"

కొక్కెం వేసి తీసి చూపమన్నారు. మహిపాల్ బలంగా లాగాడు. జాలీతోపాటు పైపూ ఊడింది. దుకాణం తడిసింది, రైతులు తడిశారు. మొగుణ్ణి వెతుక్కుంటూ అప్పుడే వచ్చిన లింగమ్మ అందరికంటే ఎక్కువ తడిసింది.

"బస్సు పోయింది! ఈడ హోలీ ఆడుతున్నవా? నా గొడుగేది?"

"గిదే" అని ఊచలు చూపించాడు సంగప్ప. "గిదే పెట్టిచ్చుకుంట. ఇగ పక్కా."

లింగమ్మతో తరువాతి బస్సులో వెళ్ళి, "గొడుగుదే సారూ" అన్నాడు గర్వంగా.

డాక్టరు మొన్న చేసిన కడుపు పరీక్ష రిపోర్టు చూసి నవ్వాడు. "పుండు మానింది. ఇక గోళీలు చాలు. జాలీ అక్కర్లేదు."

గండం గడిచింది. అయినా సంగప్ప ముఖం వాడిపోయింది. అంత పరీక్షించి ఎంచుకున్నది, దక్కకుండా పోయింది.

"నీళ్ళు పెట్టి చూసిన సారూ" అంటూ ఊచల్ని బల్లమీద పెట్టాడు.

డాక్టరు వాటిని విచ్చి, ముడిచి చూశాడు. "బాగుందే! ఇక్కడే ఉంచు, పేషెంట్లకు చూపిస్తా."

లింగమ్మ నోరు తెరిచేలోగా సంగప్ప ఇచ్చేశాడు.

సాయంత్రం నారాయణఖేడ్‌లో బస్సు దిగేసరికి వాన దంచుతోంది.