రెండో తుమ్ము

కొరివిపాలెంలో కారే ప్రతి ముక్కు వెనకా ప్రభుత్వం కొండలా నిలబడి ఉందని ఆరోగ్యమంత్రి పరంధామయ్యగారు ప్రకటించారు. ముక్కు వెనక నిలబడితే ఎవరికి కనబడుతుందండీ అని ఎవరూ అడగలేదు. మైకు అంత బాగా పనిచేసింది.

సంగతేమంటే, పేద దేశాల్లో జనం దేనివల్ల జబ్బు పడుతున్నారో, ఏం తినక చిక్కిపోతున్నారో, ఎక్కడెక్కడ దెబ్బలు తగిలించుకుంటున్నారో కనిపెట్టడానికి పెద్ద రీసెర్చి పెట్టారు. అందులో మిరపకాయ వాటా నల్లపాడు అవతలున్న కొరివిపాలేనికి వచ్చింది. కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళకి రోగం ఉందని రుజువైతే చాలు, ఊళ్ళోనే ఆసుపత్రి కడతారు.

ఈ మాటకి అందరికన్నా ఎక్కువ ఆశపడింది సంతోషకుమారి. ఊహ తెలిసినప్పటి నుంచీ తొడిమలు తీస్తోంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కూర్చునే నిద్రపోతుంది. గుంటూరు పెద్దాసుపత్రికి పోదామంటే కండక్టరు బస్సెక్కనివ్వడు. ఆమె తుమ్మితే డ్రైవరు కుడికి తిప్పాల్సింది ఎడమకి తిప్పేస్తాడట. అది అబద్ధమే అనుకోండి. నల్లపాడు స్టేషన్లో ఆమె తుమ్ముని గార్డు ఈల అనుకుని గూడ్సుబండి కదిలిపోయిన మాట మాత్రం నిజం.

రీసెర్చి ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు రిబ్బను కత్తిరించడానికి కత్తెర ఎత్తారు. ఎవరో తుమ్మారు.

మంత్రిగారు సైన్సంటే ప్రాణమిస్తారు. శకునం అడ్డొస్తే ఇచ్చిన ప్రాణం వెనక్కి తీసుకుంటారు. కత్తెర దించి, కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి లేచారు. ఇంకెవరో తుమ్మారు. మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ తాగారు. రిబ్బను కట్టింది మిర్చి కల్లం మధ్యలో మరి! మధ్యాహ్నానికి ఊరి బావి సగం మంత్రిగారి పొట్టలోకి చేరింది. పాపం, చెట్టు చాటుకి కూడా వెళ్ళారు. అక్కడా ఎవరో తుమ్మేసరికి పని కాకుండానే తిరిగొచ్చారు.

అప్పుడు వెలిగింది పార్టీ కార్యకర్త రోశయ్యకి.

"అయ్యా, ఒంటి తుమ్ము అపశకునం గానీ, జంట తుమ్ము శుభం కదండీ! ఎవరన్నా తుమ్మంగానే దాని మీద ఇంకోటి పడేస్తే సరి!"

అంటూనే సంతోషకుమారి దగ్గరికి పరిగెత్తాడు.

"ఏమ్మా సంతోషం, ఎవరు తుమ్మినా వెంటనే నువ్వొకటి తుమ్మాల."

"శకునాలు నమ్మకూడదని మా పాస్టరుగారు చెప్పారయ్యా."

"నిన్ను నమ్మమన్నానా? తుమ్మమన్నా."

"తుమ్మితే ఆసుపత్రి వస్తదా?"

"తుమ్మకపోతే మంత్రిగారే వెళ్ళిపోతారు."

ఈసారి తుమ్ము వినబడగానే ఆమె ఎండుమిరపకాయ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. కత్తెర తగలకముందే రిబ్బను తెగింది. చప్పట్లు మోగాయి.

అప్పటి నుంచీ రీసెర్చి జీపులో ముందు సీటు సంతోషకుమారిది. రీసెర్చికి పెద్ద డాక్టర్ సదాశివంగారు ఆమె పక్కన లేకుండా స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకునేవారు కాదు. చంటిబిడ్డని తూకం వెయ్యాలన్నా, కాలి పుండు కొలవాలన్నా ముందు ఒకరు తుమ్మాలి, వెనక ఆమె తుమ్మాలి. తుమ్మి తుమ్మి ఆమెకి కూర్చుంటే కూడా నిద్రపట్టడం మానేసింది. నిలబడి నిద్రపోవడం నేర్చుకుంది. డ్యూటీ మీద ఇంత శ్రద్ధ తాను ఎక్కడా చూడలేదని డాక్టరుగారు మెచ్చుకున్నారు.

"నన్ను కూడా ఒకసారి చూడండి డాక్టరుగారూ. ఛాతీలో పిల్లికూతలు."

"నువ్వు స్టాఫువమ్మా. స్టాఫుని కలిపితే రీసెర్చి పాడైపోదూ?"

కల్లాలు ఎత్తకముందే రీసెర్చి పూర్తయింది. మంత్రిగారు సభ పెట్టి ఫలితం చెప్పారు.

"ఒక తుమ్ము వచ్చింది. దానికి విరుగుడుగా రెండో తుమ్ము వచ్చింది. రెండూ చెల్లు! మిగిలిందెంత?"

"సున్నా!" అని అరిచాడు రోశయ్య.

"కొరివిపాలెంలో రోగమే లేదు!"

ఊరికి ఊరంతా దండలు వేశారు. రోగం లేదన్న సంతోషంతో ఒకరిద్దరు దగ్గుతూ కింద కూడా పడ్డారు. సంతోషకుమారి లేచింది.

"మరి ఆసుపత్రయ్యా?"

"రోగం లేని ఊరికి ఆసుపత్రి ఎందుకమ్మా? చీరాల దగ్గర, మా వియ్యంకుడిగారి జీడిమామిడి తోటలో కడుతున్నాం."

"అక్కడ రోగం ఉందాండీ?"

"అక్కడ రీసెర్చి చెయ్యలేదమ్మా. చేస్తే లేదని తేలిపోయే ప్రమాదం ఉంది."

ఇంత ముందుచూపుగల మనిషి మన జిల్లాకి దొరకడం మన అదృష్టం. ఆసుపత్రి చకచకా లేచింది. ప్రారంభోత్సవానికి సంతోషకుమారిని డ్యూటీ మీద తీసుకెళ్ళారు. ఎట్టా తీసుకెళ్ళినా ఆసుపత్రి ఆసుపత్రే, డాక్టరు కాళ్ళు పట్టుకునైనా అక్కడే మంచం సంపాదించాలని ఆమె చిన్న మూట కూడా కట్టుకుని బయల్దేరింది.

జీపు దిగేసరికి సముద్రపు గాలి మొహానికి కొట్టింది. ఆమె ఊపిరి పీల్చింది. ఎక్కడా అడ్డు తగలకుండా లోపలిదాకా వెళ్ళింది. ఇంకోటి పీల్చింది. వరండాలో మూట తలకింద పెట్టుకుని, హాయిగా పడుకుని, గుర్రు పెట్టింది.

సరిగ్గా మంత్రిగారు తాళం తీస్తుండగా వియ్యంకుడిగారు నశ్యం పీల్చి తుమ్మారు. ఒంటి తుమ్ము! మంత్రిగారి చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. రోశయ్య సంతోషకుమారిని తట్టి లేపాడు.

"తుమ్ము తల్లీ, తుమ్ము!"

"రావట్లేదయ్యా. ఎంత హాయిగా ఉందో!"

మంత్రిగారి మొహం మాడిపోయింది. అంతలో డాక్టర్ సదాశివంగారు గాల్లోకి ఎగిరి, "సార్! ఈమెకి నయమైపోయింది!" అన్నారు.

మంత్రిగారు చటుక్కున ఫొటోగ్రాఫరు వైపు తిరిగారు.

"తలుపు తియ్యకముందే రోగం కుదిర్చిన ఆసుపత్రి ప్రపంచంలో ఇదొక్కటే!"

సంతోషకుమారి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "బాబ్బాబు, నాలుగు రోజులు నన్నిక్కడే ఉండనియ్యండి."

"నయమైనవాళ్ళని ఆసుపత్రిలో ఉంచితే రూల్సు ఒప్పుకోవమ్మా," అని మంత్రిగారు కళ్ళు తుడుచుకుని ఆమెని డిశ్చార్జి చేశారు. ఇంకా చేర్చుకోలేదు కదా అని నర్సమ్మ గొణిగింది గానీ, అప్పటికే ఫొటో తీసేశారు.

జీపు డ్రైవరు బుడాన్ ఆమెని తిరిగి దించడానికి బయల్దేరాడు. ఊరి పొలిమేర దగ్గర మిరపకోరు ఘాటుగా గుప్పున తగిలింది. ఆమె ముక్కుపుటాలు ఎగిశాయి. బుడాన్ సడన్ బ్రేకు వేశాడు.

"తుమ్మమాక అక్కా! నీకు నయమైనట్టు రేపు పేపర్లో వస్తంది. తుమ్మనియ్యొద్దని మంత్రిగారి ఆర్డరు."

సంతోషకుమారి కొంగుతో ముక్కు గట్టిగా మూసుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కాసేపటికి కొంగు కొంచెం సడలించి అడిగింది.

"మరి ఊపిరి తీసుకోవచ్చా బుడానూ?"

బుడాన్ స్టీరింగు మీద గడ్డం పెట్టుకుని ఆలోచించాడు.

"అది నాకు చెప్పలేదక్కా. కనుక్కుని రేపు చెప్తా."