టోపీ పిస్తోలు నమోదు

మానవజాతి సాధించిన విజయాల్లో పురాతన ఆయుధాల నమోదు కార్యాలయానిది ప్రత్యేక స్థానం. అక్కడ ఇంతవరకు ఏ ఆయుధమూ పేలలేదు. (మనుషుల సంగతి ఆ శాఖ పరిధిలోకి రాదు.)

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు తాతల నాటి సైనిక పిస్తోలును తువ్వాల్లో చుట్టుకుని అక్కడికి వెళ్లాడు. అది మొదట్లో చెకుముకి రాయి రవ్వతో పేలేది. నూట ఎనభై ఏళ్ల కిందట సైన్యం వాళ్లే రాయి తీసేసి, మందు నింపిన చిన్న రాగి టోపీని కొట్టే సుత్తి బిగించారు. నెలాఖరులోగా నమోదు కాకపోతే యంత్రంలో వేసి నలిపేస్తామని నోటీసు వచ్చింది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నూనె రాసిన పిస్తోలు అది. నోటీసు వచ్చిన నాటి నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు.

గుమాస్తా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాయిదని రాశారు, ఇది టోపీది కదండీ?"

"మార్చారమ్మా. అప్పటి సైన్యంలో కమ్మరెవరో."

"అయితే ఆయన్ని వెంటబెట్టుకొచ్చి పదకొండో నమూనాలో సంతకం పెట్టించండి."

"ఆయన పోయి నూట యాభై ఏళ్లయి ఉంటుంది తల్లీ!"

"అలాగా? మరణ ధ్రువపత్రం తెండి మరి."

మూడు వారాలు తిరిగాక, అరిగిన ఆయన చెప్పులు చూసి ఆమెకే జాలేసింది. గొంతు తగ్గించి, "బాబాయిగారూ, మీరే మార్చినట్టు రాసేయండి. మార్చిన తేదీ మాత్రం పాతదే ఉంచండి," అంది. (ఆయుధం మార్చడానికి అనుమతి కావాలన్న నిబంధన ఆ తేదీ తర్వాతే వచ్చింది కాబట్టి నేరం కాదు.) బతుకుజీవుడా అని ఆయన సంతకం పెట్టాడు. పిస్తోలు సోమవారం ఇస్తామన్నారు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సోమవారానికి కంప్యూటరు లెక్కగట్టింది. పద్దెనిమిదో ఏట మార్చాడనుకున్నా, దరఖాస్తుదారుకు ఇప్పుడు నూట తొంభై ఎనిమిది. నూట ఇరవై దాటినవారిని మరణించినట్టు భావించాలని ఇరవై మూడో నిబంధన. పిస్తోలు ఇక వారసులకే ఇవ్వాలి.

ఆయన ఇంటికెళ్లి భార్యను తీసుకొచ్చాడు. గుమాస్తా అమ్మాయి లేచి నిలబడి, "అయ్యో పిన్నిగారూ! బాబాయిగారు ఎలా పోయారండీ?" అని అడిగింది.

పిన్నిగారు పక్కనే నిలబడ్డ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"మీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పోయారమ్మా."

ఆ అమ్మాయి సానుభూతిగా తలూపి, కారణం గడిలో 'సహజ మరణం' అని రాసుకుంది.