ఊపిరి వదలొచ్చు

ఆదివారం ఉదయం ఆ కొత్త దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, ముందుగదిలో గోడ దగ్గర నిలబడి, తమ ఫొటో తామే ఒకటి తీసుకోవాలి. సాయంత్రం అత్తగారు రైలు దిగేలోగా దాన్ని ఫ్రేములో పెట్టాలి. ఆ తర్వాత పడి నిద్రపోవాలి. అతనికి రాత్రి డ్యూటీలు, ఆమెకు తెల్లవారుజాము డ్యూటీలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్ళాలు గుమ్మంలో ఎదురుపడి తాళంచెవి అందించుకోవడమే కాపురంగా సాగుతోంది.

ఫ్రేము అత్తగారు పెళ్ళికి ఇచ్చింది. చిన్న కిటికీ అంత ఉంటుంది. దుకాణంవాళ్ళు నమూనాకు పెట్టిన జంటే ఇంకా అందులో పళ్ళికిలిస్తూ ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు "వీళ్ళెవరు?" అంటే మొదట్లో నిజం చెప్పేవారు. చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయాక "దూరపు చుట్టాలు" అనేయడం మొదలుపెట్టారు. అత్తగారు ఫోనులో అడిగినప్పుడు మాత్రం కోడలు, "మా ఫొటో పెట్టేశాం అత్తయ్యా, ఎంత బావుందో!" అంది. ఆ అబద్ధానికి ఈ సాయంత్రంతో గడువు తీరిపోతుంది.

పెళ్ళి ఫొటోలు లేక కాదు. ఆమె ఈతకొలనులో చిన్నపిల్లలకు ఈత నేర్పుతుంది. "ఒకటి, రెండు, మూడు" అనగానే కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, పిల్లలతోపాటు మునగడం ఆమె ఉద్యోగం. పెళ్ళి ఫొటోగ్రాఫరు ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అన్నాడు. ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా చూస్తే పెళ్ళికూతురు నిద్రలోనే అత్తారింటికి చేరినట్టు ఉంటుంది.

"సెల్ఫీ కొట్టేసి పడుకుందాం," అన్నాడు అతను ఆవలిస్తూ.

"సెల్ఫీలో మీ చెయ్యీ నా ముక్కూ తప్ప ఏమీ రావట్లేదండీ. అంత పెద్ద ఫ్రేములో అంత పెద్ద ముక్కా? అత్తయ్య దడుచుకుంటారు."

అందుకని కెమెరా వచ్చింది. అతను పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. చర్మవ్యాధుల డాక్టరుగారిని బతిమాలి ఆవిడ కెమెరా తెచ్చాడు. పాపం, అది ఇన్నాళ్ళూ దద్దుర్లూ తామరా తప్ప నవ్వుముఖం చూసి ఎరగదు. స్టాండు లేదు కనుక వీధి తలుపు పక్కన స్టూలు, స్టూలు మీద పీట, పీట మీద బిస్కెట్ డబ్బా, డబ్బా మీద కెమెరా. బటన్ నొక్కి, పరుగున వచ్చి నిలబడితే, కాసేపాగి ఫొటో అదే తీసుకుంటుంది.

"నేను లెక్కపెట్టను. కళ్ళు తెరుచుకునే ఉండు. గడ్డం పైకి. భుజాలు కిందికి. కదలకు. ఊపిరి బిగబట్టు!" అన్నాడు అతను. బటన్ నొక్కాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కెమెరా క్లిక్కుమంది. తలుపు సందులోంచి తల లోపలికి వచ్చింది. "ఊపిరి వదలొచ్చు."

"మీరెక్కడికి పోయారు?"

అతను తన కాళ్ళవంక చూసుకున్నాడు. "నేనెక్కడికీ... అయ్యో!"

ఎక్స్‌రే తీసే వేళకు గదిలో ఉండకూడదన్నది అతను నేర్చుకున్న మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్ళకు అతను చెప్పేదీ అదే. ఏళ్ళు గడిచేసరికి కాళ్ళు బుర్రను అడగడం మానేశాయి. రెండోసారీ పోయాడు. మూడోసారి ఆమె అతని చెప్పులు దాచింది. ఉత్త కాళ్ళతో పోయాడు.

"ఇది జంట ఫొటో అండీ! నన్నొక్కదాన్నే వదిలేసి పారిపోతారేంటి?"

"కావాలని పోతున్నానా? నిద్రమత్తులో కాళ్ళు లాక్కుపోతున్నాయే!"

"ఈసారి పోయారంటే ఇక లోపలికి రానక్కర్లేదు."

అనకూడని మాట. ఈసారి అతను బయటికి అడుగుపెట్టగానే గాలికి తలుపు ధడాలున పడి గడియ బిగుసుకుంది. తాళంచెవి లోపల. లోపల ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి, పంతంగా నిలబడి ఉంది. మొగుడు వదలమంటే గాని వదలకూడదని ఆమె ఉద్దేశం. ఈతలో ఆరితేరిన ఊపిరి, ఓ పట్టాన అయిపోదు.

"వదిలెయ్!" అని అతను తలుపు బాదాడు. మందపు తలుపులోంచి చప్పుడే గాని మాట లోపలికి పోలేదు. "ఊపిరి తీసుకోవే! వింటున్నావా? ఊపిరి తీసుకో!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అందులో ఉండే పెద్దావిడను వీధి వీధంతా మైకు పిన్ని అంటుంది. ఆవిడకు ఫోను ఉంది గాని అవసరం లేదు.

"ఏమైంది నాయనా?"

కథంతా చెప్పే ఓపిక అతనికి లేదు. "ఏం లేదు పిన్నిగారూ. తలుపు పడిపోయింది. లోపల ఆవిడ ఊపిరి ఆపుకుని ఉంది."

"అమ్మో! ఆ పిల్లకి ఊపిరి ఆడట్లేదట!" అంది మైకు పిన్ని. ఆ మాట మెట్లు దిగి కింది అంతస్తు చేరేసరికి ఊపిరి ఆగిపోయింది. ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. పిన్ని రైల్లో ఉన్న అత్తగారికే చేసింది. కొత్త కాపురం వచ్చిన రోజునే ఆవిడ నంబరు తీసిపెట్టుకున్న ముందుచూపు పిన్నిది.

బయట ఈ గోల విని లోపల ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. స్టూలు తగిలింది. పీట, డబ్బా, కెమెరా వరసగా బయలుదేరాయి. "డాక్టరమ్మగారి కెమెరా!" అంటూ ఆమె కొలనులోకి దూకినట్టే దూకి దాన్ని పట్టుకుంది. కొలనులో నీళ్ళుంటాయి. ఇక్కడ స్టూలు అంచు ఉంది. అది పక్కటెముకల మీద తగిలింది. ఎలాగో లేచి గడియ తీసేసరికి ఆమె ముఖం ఎర్రగా కంది, నోట మాట రాక, నిజంగానే ఊపిరి అందక ఆయాసపడుతోంది.

"నేను చెప్పలేదూ!" అంది మైకు పిన్ని.

అంబులెన్సు అతని ఆసుపత్రిదే వచ్చింది. "ఏంటన్నా, సెలవు రోజు కూడా డ్యూటీకి వచ్చేస్తున్నావ్?" అన్నాడు డ్రైవరు. దారిలో ఆమెకు ఊపిరి కుదుటపడి, "ఏం కాలేదండీ... నిద్రొస్తోంది..." అని కళ్ళు మూయబోయింది. "నిద్రపోనివ్వకండి!" అని మైకు పిన్ని ఆసుపత్రిదాకా ఆమెను కుదుపుతూనే ఉంది.

డ్యూటీ డాక్టరు నొక్కి చూసి ఎక్స్‌రే రాశాడు. ఆదివారం రద్దీలో వాళ్ళ వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. ఎక్స్‌రే గదిలో సీనియరు టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు. "నువ్వే నిలబెట్టవోయ్, నేను అవతలి గదిలో బటన్ చూసుకుంటా," అన్నాడు. అతను సీసపు కోటు వేసుకుని ఆమెను పలక ముందు నిలబెట్టి, భుజం సరిచేశాడు.

"వెళ్ళిపోతున్నారా?" అంది ఆమె నీరసంగా. పొద్దుటినుంచీ ఆమె అడుగుతున్న ప్రశ్నే అది.

ఈసారి అతని కాళ్ళు బుర్రను అడిగాయి. "లేదు. ఇక్కడే ఉన్నా."

అదే వేళకు సీనియరు వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. సంచీతో అత్తగారు! "నా కోడలేది?" అన్న కేకకు అటు తిరుగుతూనే సీనియరు బటన్ నొక్కేశాడు.

ఫిల్ము వెలుతురుకు పట్టి డాక్టరు చాలాసేపు చూశాడు. "ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. కానీ భుజం మీద ఈ వేళ్ళెవరివి?"

"ఫిల్ము తీసేటప్పుడు గదిలో ఉండొద్దని అందరికీ పాఠం చెప్పేది నువ్వే కదయ్యా!" అని సీనియరు నెత్తి కొట్టుకున్నాడు.

"పొద్దుటినుంచీ బయటికి పోతున్నానని తిట్లు తిన్నానండీ," అన్నాడు అతను.

మళ్ళీ ఇంకొకటి తీశారు. దాన్ని ఆసుపత్రి ఉంచుకుంది. పనికిరానిది వీళ్ళకిచ్చేశారు.

ఇంటికి చేరేసరికి అందరి ప్రాణం ఉసూరుమంటోంది. అత్తగారు మాత్రం తిన్నగా ఫ్రేము ముందుకు నడిచింది.

"మీ ఫొటో పెట్టేశాం అన్నావు. వీళ్ళెవరే?"

"దూరపు చుట్టాలు అత్తయ్యా," అనేసింది కోడలు అలవాటు కొద్దీ. అని, నాలిక కరుచుకుని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అబద్ధం చెప్పానత్తయ్యా. మా ఇద్దరికీ ఒక్కటంటే ఒక్క మంచి ఫొటో లేదు."

 అత్తగారు బల్ల మీది కవరులోంచి ఫిల్ము తీసి లైటుకు పట్టింది. మెడ దాకా ఎముకల పంజరం, దాని భుజం మీద ఉంగరం తొడిగిన వేళ్ళు.

"ఇది మావాడి చెయ్యే. చిటికెనవేలు పుట్టుకతోనే వంకర," అంది. "మీ మామగారు పెళ్ళి ఫొటోలో కూడా నాకు ఆమడ దూరంలో నిలబడ్డారమ్మాయ్. వీడు నయం." దూరపు చుట్టాలను బయటికి లాగి ఫిల్మును ఫ్రేములోకి తోసింది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

ఇద్దరూ కలిసి ఉన్నవాటిలో ఆమె కళ్ళు మూసుకోని ఫొటో ఆ ఇంట్లో అదొక్కటే.