ముందే రాసిన నాలుగు వందల పన్నెండు

ఆ పొద్దున పక్షుల లెక్క గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, పడవల షెడ్డులో కాళ్లు చాపుకుని పడుకోవాలి. సముద్రంలోకి వెళ్లి పక్షులను లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. పదకొండేళ్లుగా వెళ్లిందీ లేదు, లెక్కపెట్టిందీ లేదు. ఆ రోజు లెక్క కూడా ముందురోజు సాయంత్రమే రిజిస్టరులో నింపేశాడు: "పక్షులు 412. పొగమంచు. ఇంజను కాసేపు ఆగింది. పడవలో డ్యూటీలో ఉన్నవారు ఇద్దరు." ఒకడు తను, రెండోవాడు పడవ నడిపే బావమరిది.

తొమ్మిదింటికి కొత్త ఆఫీసరమ్మ గొడుగు ఊపుకుంటూ దిగింది. "పదండి, ఈరోజు నేనూ డ్యూటీకొస్తున్నా."

గుమాస్తా టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మంచు పట్టేట్టుందమ్మా."

"ఇంత ఎండలోనా? జ్వరమేమన్నా ఉందా మీకు?"

ఒడ్డు కనుమరుగైందో లేదో, ఎవరో దుప్పటి కప్పినట్టు మంచు కమ్మేసింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"నేనేం ముట్టుకోలేదు బావా, నీమీదొట్టు!"

"నామీదెందుకురా, నీమీదే వేసుకో!"

అప్పుడొచ్చాయి పక్షులు. ఒక్కటీ అరవలేదు, రెక్కల చప్పుడైనా లేదు. నీళ్లమీద వరసలు కట్టి, హాజరు పిలుపు కోసం కూర్చున్న బడిపిల్లల్లా గుమాస్తా వంకే చూశాయి. ఆఫీసరమ్మ వేలు చూపిస్తూ ఓపిగ్గా లెక్కపెట్టింది. "నాలుగు వందల పదకొండు."

గుమాస్తా హమ్మయ్య అనుకునేలోపు, మంచులోంచి ఇంకొకటి తీరిగ్గా వచ్చి ఆయన భుజంమీద వాలింది.

"ఆలస్యంగా వచ్చింది. మన ఆఫీసుదే అయ్యుంటుంది" అందామె.

ఆయనకు నవ్వు రాలేదు. రాసినవన్నీ జరిగిపోతున్నాయి. మిగిలింది ఒక్క మాట: ఇద్దరు. చూస్తే పడవలో ముగ్గురు. బావమరిదేమో అంచుమీద ఒంగి ఇంజను తడుముతున్నాడు.

"ఒరేయ్, ఇవతలికి రా! మీ అక్కకు నేను జవాబు చెప్పలేను!" ఒక చేత్తో వాడి చొక్కా, ఇంకో చేత్తో ఆఫీసరమ్మ గొడుగు పట్టుకున్నాడు. పడవ ఓ పక్కకు ఒరిగింది.

"వదులు బావా! నువ్వే ముంచేట్టున్నావ్!"

"అమ్మా, నేను రాసిందంతా అబద్ధం!" గుమాస్తా బావురుమన్నాడు. "పదకొండేళ్లూ షెడ్డులో పడుకునే రాశాను. ఈరోజుదీ నిన్ననే రాశాను. అందులో ఇద్దరనే ఉంది, మూడోవాళ్లను సముద్రం మింగేసేట్టుంది, మీరు కూర్చోండమ్మా!"

నాలుగు వందల పన్నెండు తలలూ ఒక్కసారే ఆమె వైపు తిరిగాయి. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ఆయన సంచిలోంచి రిజిస్టరు తీసి చదివింది.

"ఈ నిమిషం నుంచి మీరు డ్యూటీలో లేరు. ఉద్యోగమూ లేదు."

ఆ మాట పూర్తవకుండానే ఇంజను దానంతటదే అందుకుంది. మంచు విడిపోయింది. నీళ్లమీద ఒక్క ఈకైనా లేదు.

"మరి మా బావమరిది?"

"ఆయన్నీ తీసేస్తే ఒడ్డుకు నన్ను మీరు చేరుస్తారా?"

ఒడ్డున దిగాక ఆమె రిజిస్టరు మరోసారి చూసింది. పక్షులు, మంచు, ఇంజను, డ్యూటీలో ఇద్దరు: దిద్దడానికి ఏమీ కనిపించక, కింద సంతకం పెట్టింది.

పదకొండేళ్లలో ఆయన రాసిన సరైన లెక్క అదొక్కటే.